బిళ్ళలేని చెట్టు

వెర్న్ ప్రిబిల్ మంచివాడని ఆ క్లబ్బులో ఎవరూ అనరు. పనివాడని మాత్రం అందరూ అంటారు. మంచివాణ్ణయితే బల్ల దగ్గర కూర్చోమంటారు. పనివాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి మెచ్చుకుంటారు. ముప్ఫై ఏడేళ్ళుగా వెర్న్‌ని గుమ్మంలోనే మెచ్చుకుంటున్నారు.

మిల్వాకీకి పడమటి శివారులో ఉన్న హాస్కెల్ వుడ్స్ గోల్ఫ్ క్లబ్బులో గడ్డిపరక మొలవాలన్నా చావాలన్నా వెర్న్ చేతిమీదుగానే. తెల్లారి అయిదింటికల్లా వస్తాడు. మొత్తం పద్ధెనిమిది గుంటలు. ఒక్కో గుంట చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. నిన్న గుంట ఉన్నచోట ఇవాళ ఉండకూడదు. అందుకని రోజూ పొద్దున్నే గొట్టంలాంటి కోతసామానుతో కొత్తచోట మట్టిముద్ద పెకలించి, దాన్ని గడ్డితో సహా తీసుకెళ్ళి నిన్నటి గుంటలో కూరి, బొటనవేళ్ళతో అంచులు ఒత్తి, నీళ్ళు చిలకరించాలి. వెర్న్ ఒత్తితే నిన్న అక్కడ గుంట ఉండేదని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

పన్నెండో గ్రీన్ ఒక్కటే అతని మాట వినేది కాదు. ఏటా జులై వచ్చేసరికి, బట్టతల మీద అడ్డంగా దువ్వుకున్న జుట్టులా పలచబడి మట్టి కనిపించేది. తూర్పున చెట్లు. పొద్దుటి ఎండ పదయ్యేదాకా గడ్డిని తాకదు. "పన్నెండుకి ఎండ కావాలి" అని వెర్న్ ప్రతి చలికాలం పచ్చిక కమిటీకి రాసేవాడు. వాళ్ళు ఎరువు మార్చమన్నారు, మందు మార్చమన్నారు, పెద్ద పెద్ద ఫ్యాన్లు కొని పెట్టించారు. చెట్ల జోలికి మాత్రం పోనివ్వలేదు. ఎందుకంటే ఆ క్లబ్బులో చెట్లంటే చచ్చిపోయిన సభ్యులు. సభ్యుడెవరైనా పోతే ఇంటివాళ్ళు చందా ఇస్తారు, క్లబ్బు ఓ చెట్టు నాటిస్తుంది, మొదట్లో రాయి పాతి, దాని మీద పేరుతో ఇత్తడి బిళ్ళ బిగిస్తుంది. గోయి తవ్వేది వెర్న్. బిళ్ళ బిగించేదీ వెర్నే. రెండు వందల పైచిలుకు మందిని అలా నాటాడు.

ఒక్క సంగతి మాత్రం వెర్న్ ఏ ఏడూ కమిటీకి రాయలేదు. పన్నెండుకి అన్నిటికంటే ఎక్కువ నీడ వేస్తున్నది ఓ మేపుల్ చెట్టు. దానికి బిళ్ళ లేదు. క్లబ్బు లెక్కలో అదసలు లేనే లేదు. దాన్ని అతనే దొంగతనంగా నాటాడు, తన భార్య కోసం. చుట్టుపక్కల నాలుగు చెట్లు తీయిస్తే ఇది నిలబడుతుంది, గడ్డీ బతుకుతుందని అతని ఆశ.

ఆమె పేరు మార్లిస్. క్లబ్బు వంటింట్లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. వెర్న్ కంటే రెండేళ్ళు ముందు చేరింది. చేరిన రోజు మేనేజరు సొరుగంతా వెతికి, అంతకుముందు మానేసిపోయిన ఒకావిడ పేరు బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. దాని మీద 'మార్లీన్' అని ఉంది. "ఇంచుమించు నీ పేరేగా, కొత్తది చేయించేదాకా ఇది పెట్టుకో" అన్నాడు. కొత్తది చేయించలేదు. ఇరవై రెండేళ్ళూ ఆమె గుండెల మీద ఇంకొకావిడ పేరే ఉంది.

శుక్రవారం వస్తే క్లబ్బులో చేపల వేపుడు. పక్కన మార్లిస్ పోసే బంగాళదుంప అట్లు, మెదిపిన ఆపిలు. ఆ అట్ల కోసం సభ్యులు బంధువుల్ని కూడా వెంటేసుకొచ్చేవారు. చివరికి మెనూలో అచ్చు వేయించారు, 'మార్లీన్ అట్లు' అని. ఆమె పోయి పదిహేడేళ్ళయినా ఇవాళ్టికీ అలాగే ఉంది.

వెర్న్ కూడా మొదట్లో మార్లీన్ అనే పిలిచాడు. వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి కాఫీ అడుగుతూ, రెండు నెలల పాటు. ఆమె పలికేది. ఓ పొద్దున కప్పు అందిస్తూ అంది:

"నా పేరు మార్లీన్ కాదు."

"మరేంటి?"

"చెబితే ఏం చేస్తావ్?"

"పిలుస్తా."

"ఎన్నాళ్ళు?"

వెర్న్ బుర్ర గోక్కుని, "నువ్వు కాఫీ పోసినన్నాళ్ళు" అన్నాడు.

ఆమె పడీపడీ నవ్వి, అప్పుడు చెప్పింది. ఆ క్లబ్బు మొత్తం మీద ఆమె తన పేరు తానుగా చెప్పింది ఒక్క వెర్న్‌కే. మిగతావాళ్ళని సరిదిద్దే ఓపిక ఆమెకి ఎప్పుడో పోయింది. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అనేది: "అట్లు పోసేది మార్లీన్. కాళ్ళు పీకేది మాత్రం నాకు."

నలభై నాలుగో ఏట కేన్సరొచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి వారం, మగతలోంచి ఓసారి కళ్ళు తెరిచి, "చూస్తూండు, పువ్వులు పంపిస్తారు. మార్లీన్‌కి" అని నవ్వింది. అన్నట్టే పంపించారు. చర్చిలో పెట్టె పక్కన నిలువెత్తు దండ, దానికి పట్టు రిబ్బను, రిబ్బను మీద బంగారు అక్షరాలు: 'మా మార్లీన్‌కి'. వెర్న్ అందరూ చూస్తూండగా ఆ రిబ్బను పీకి కోటు జేబులో కుక్కుకున్నాడు. దుఃఖంలో ఉన్నాడులే అనుకున్నారు.

ఆ అక్టోబరులో ఇద్దరు సభ్యుల చెట్లు నాటాల్సి వచ్చింది. వెర్న్ మూడు గోతులు తవ్వాడు. మూడోది పన్నెండో గ్రీన్‌కి తూర్పున. ఆమె పుట్టింటి పెరట్లోంచి కాఫీ డబ్బాలో తెచ్చిన జానెడు మేపుల్ మొక్కని అందులో పెట్టాడు. అక్కడ నాటితే నీడ పడుతుందని ఆ పనిలో అంత అనుభవం ఉన్నవాడికి తట్టలేదంటే ఎవరూ నమ్మరు. ఆవేళ తట్టలేదు, అంతే. పనివాళ్ళకి చెట్టు నాటే ఆచారం క్లబ్బులో లేదు. ఉన్నా అతను అడిగేవాడు కాదు. అడిగితే బిళ్ళ మీద పేరు రాయించేది వాళ్ళు.

పదిహేడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. కిందటి చలికాలం చికాగో నుంచి ఒకాయన వచ్చాడు. పాత మైదానాలకి కొత్త రూపమిస్తాడట. తొంభై ఏళ్ళ కిందటి ఫొటోలు బల్ల మీద పరిచి, "ఇక్కడ ఇన్ని చెట్లు లేవు, ఈ అడవంతా మధ్యలో మొలిచింది, మూడు వందలు తీసేయండి" అన్నాడు. వెర్న్ పదిహేనేళ్ళు మొత్తుకున్న మాట. ఆయన ఒక్క మధ్యాహ్నంలో చెప్పి, లక్షణంగా ఫీజు పుచ్చుకుని వెళ్ళాడు. కమిటీ ఉబ్బితబ్బిబ్బయింది. పన్నెండు దగ్గర ఆయన చేతికర్ర పెట్టి మరీ చూపించాడు. "మొట్టమొదట ఇది పోవాలి." మేపుల్.

రూలు ఒక కాగితం మీద రాశారు. బిళ్ళలేని చెట్టుకి నారింజ రంగు చుక్క, వెంటనే నరకాలి. బిళ్ళ ఉన్న చెట్టుకి నీలం రిబ్బను, ఇంటివాళ్ళని ఉత్తరం రాసి అడగాలి, వాళ్ళు వద్దంటే ఉంచాలి. చుక్కలు పెట్టి రిబ్బన్లు కట్టే పని వెర్న్‌కి అప్పజెప్పారు.

మార్చిలో ఇంకా మంచు కరగలేదు. వెర్న్, అతని కింద పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న టేయో, ఇద్దరూ రంగు డబ్బా పట్టుకుని తిరిగారు. టేయో సరిహద్దుకి దక్షిణాన ఉన్న మిచోవకాన్ నుంచి వచ్చినవాడు. రంపం పట్టాడంటే ఎంత చెట్టయినా చెప్పినవైపే పడాలి. నోరు మాత్రం ఎవరు చెప్పినా వినదు. మూడు రోజుల్లో అంతా చుట్టేశారు. నాలుగో రోజు పొద్దున టేయో పన్నెండు దగ్గరికి వెళ్ళేసరికి, మేపుల్ మొదట్లో రాయి. రాయి మీద ఇత్తడి బిళ్ళ. కాండానికి నీలం రిబ్బను. పక్కన వెర్న్ మోకాళ్ళ మీద.

టేయో వంగి చదివాడు. "డాక్టర్ ఎల్డన్ ప్రూట్. బాస్, ఈయన చెట్టు ఏష్ కదా. పురుగు పట్టి చచ్చింది. నేనే నరికాను."

"నీకు గుర్తులేదు."

"ఎందుకు గుర్తులేదు? తొమ్మిదో గుంట పక్కన. కందిరీగలు కుట్టి నా మొహం గుమ్మడికాయంత అయితే నువ్వు ఫొటో తీశావు కూడాను!"

ఎనిమిదేళ్ళ కింద ఏదో ఆకుపచ్చ పురుగు ఏష్ చెట్లన్నిటినీ తొలిచేసింది. నలభై చెట్లు కొట్టేశారు. వాటి బిళ్ళలు పారేయలేక, తిరిగివ్వలేక, వెర్న్ షెడ్డులో ఓ ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఉంచాడు. వాటిలో ఎవరూ లేనివాడు ఎవడా అని రాత్రంతా ఆలోచించి ఈయన్ని ఏరాడు. పళ్ళ డాక్టరు, పెళ్ళాం పిల్లలు లేరు. ఉత్తరం రాయడానికి మనిషి ఉండడు, జవాబు రాదు, చెట్టు ఉంటుంది. అదీ లెక్క.

"నోరు మూసుకుంటావా?" అన్నాడు వెర్న్.

"మూసుకుంటా. ఆయన పళ్ళ డాక్టరు కదా, తెరవమంటాడేమోనని భయం." టేయో నవ్వబోయి, వెర్న్ మొహం చూసి మానేశాడు. చెట్టు వంక చూశాడు, మళ్ళీ వెర్న్ వంక చూశాడు. "ఆవిడదా?"

వెర్న్ మళ్ళీ రాయి చుట్టూ మట్టి అదిమాడు. టేయో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "రిబ్బను వదులుగా ఉంది బాస్" అని, తనే ముడి బిగించాడు.

ఏప్రిల్ రెండో వారం ఆఫీసు గుమాస్తా డార్లా షెడ్డు దాకా నడిచి వచ్చింది. ఆవిడకి నలభై దాటాయి, క్లబ్బు ఉత్తరాలన్నీ ఆవిడ చేతిమీదుగానే పోతాయి. చేతిలో కాగితం, మొహం నిండా నవ్వు.

"వెర్న్, ఇది వినాలి నువ్వు. ఆ పళ్ళ డాక్టరు లేడూ, ప్రూట్? ఆయనకో మేనకోడలుందట, అరిజోనాలో. ఎట్లాగో పట్టుకున్నాను అడ్రసు."

వెర్న్ చేతిలో నూనె గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఏం రాసిందో విను. 'మా మావయ్యకి చెట్లంటే ఒళ్ళు మంట. మీ మైదానంలో ఆయన బంతి తగలని చెట్టు లేదు, ఆయన తిట్టని చెట్టూ లేదు. ఆయన పేరు మీద మీరు చెట్టు పెట్టారని నాకిప్పుడే తెలిసింది. దయచేసి వెంటనే కొట్టేయండి. ఆయన ఆత్మకి అంతకంటే శాంతి ఉండదు.'" డార్లా కళ్ళు తుడుచుకుంది. "చచ్చాను నవ్వలేక!"

"ఎప్పుడు కొట్టమన్నారు?" అన్నాడు వెర్న్.

"సోమవారం. లుట్కీ గారు సంతకం పెట్టేశారు."

ప్రెస్టన్ లుట్కీ పచ్చిక కమిటీ ఛైర్మన్. రాష్ట్రమంతా తివాచీలు, నేలబిళ్ళలు అమ్ముతాడు. దుర్మార్గుడేం కాదు. దుర్మార్గుడైతే వెర్న్‌కి ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

శుక్రవారం సాయంత్రం వెర్న్ వంటింటి గుమ్మంలో బురద బూట్లు విప్పి, మేజోళ్ళతో బారు గదిలోకి నడిచాడు. పనివాళ్ళు ఆ గదిలోకి రాకూడదని ఎక్కడా రాసిలేదు. రాయకపోయినా ఎవరూ వచ్చేవారు కాదు. కుడి మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు. లుట్కీ తన కొట్టు తివాచీ మీద, తన బల్ల దగ్గర, బ్రాందీ గ్లాసు పక్కన పెట్టుకుని అట్లు తింటున్నాడు. వెర్న్ వేళ్ళు ముడుచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఏంటి వెర్న్, పైపు పగిలిందా?"

"లేదండి. పన్నెండు దగ్గర మేపుల్ సంగతి."

"అయిపోయిందిగా ఆ సంగతి! నీ ఎండ నీకొచ్చేస్తోంది. ఎండ ఎండ అని పదిహేనేళ్ళు మా ప్రాణం తీశావు కదయ్యా."

"అది ప్రూట్ గారి చెట్టు కాదండి. బిళ్ళ నేనే తెచ్చి పెట్టాను."

లుట్కీ ఫోర్కు దించాడు. "ఎందుకు?"

"అది మార్లిస్ చెట్టు."

"ఎవరా మార్లిస్?"

వెర్న్ ముప్ఫై ఏడేళ్ళలో ఆ గదిలో అంతసేపు నిలబడలేదు. ఆ పేరు అక్కడ గాలిలోకి వదిలాక, తన చేతిలోంచి ఏదో జారిపోయినట్టయింది. "నా భార్యండి. ఇక్కడే వంటింట్లో ఇరవై రెండేళ్ళు చేసింది. పదిహేడేళ్ళ కింద పోయింది."

లుట్కీ వెర్న్ వంక చూశాడు. పళ్ళెం వంక చూశాడు. పళ్ళెంలో సగం తిన్న అట్టు. ఒక్కసారిగా అతని మొహం వెలిగింది.

"మార్లీనా! మన మార్లీన్ చెట్టా అది! ఒరేయ్ బాబూ, ముందే చెప్పొద్దూ!" కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఇదిగో, అందరూ వినండి! మన వెర్న్ ఏం చేశాడో తెలుసా? పళ్ళ డాక్టరు బిళ్ళ దొంగిలించి మార్లీన్ చెట్టుకి పెట్టాడు!"

బారంతా ఘొల్లుమంది. ఎవరో వచ్చి వీపు మీద చరిచారు. ఎవరో బీరు చేతిలో పెట్టారు. చిన్నప్పుడు మార్లీన్ తనకి ఆపిలు ఎక్కువ వేసేదని ఒకాయన, అలాంటి అట్టు మళ్ళీ తినలేదని ఇంకొకాయన. లుట్కీ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు. "కొట్టకూడదు ఆ చెట్టు. బిళ్ళ చేయిద్దాం. క్లబ్బు ఖర్చు. పనిచేసేవాళ్ళకి చెట్టు ఇదే మొదటిది, రాసుకోండి!"

"పేరు మార్లిస్ అండి" అన్నాడు వెర్న్. ఆ గోలలో ఇంకోసారి అన్నాడు. "మార్లిస్."

"అదే, అదే!" అన్నాడు లుట్కీ గ్లాసు పైకెత్తుతూ. "మార్లీన్‌కి!"

"మార్లీన్‌కి!" అంది గది మొత్తం.

వెర్న్ బీరు ముట్టకుండా బల్ల మీద పెట్టాడు. వెళ్ళేముందు చేతిరుమాలు కాగితం ఒకటి తీసుకుని, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసి, డార్లా బల్ల మీద బరువు పెట్టి ఉంచాడు. మర్నాడు పొద్దున వెళ్ళి, "చూశావా?" అని అడిగాడు. "చూశాను, ఇదే పంపిస్తున్నా" అంది డార్లా.

ఆ తర్వాత మూడు వారాలు వెర్న్ ఈలవేశాడు. టేయో మొదట మెషీను చప్పుడనుకున్నాడు. మేపుల్ చుట్టూ మట్టి గుల్ల చేశాడు, ఎండుకొమ్మలు తీశాడు. పక్కన రెండు స్ప్రూస్ చెట్లు కొట్టడంతో పన్నెండుకి గంట ఎండ ఎక్కువొచ్చింది. చాలదు. అయినా ఏమీ అనుకోలేదు. ఒక్క పేరు, ఒక్క చెట్టు, ఒక్క ఇత్తడి ముక్క. ఈ జన్మకి అంతకంటే అడగనని చెట్టుకే చెప్పాడు కాబోలు, టేయో రెండుసార్లు విన్నాడు అతను ఒంటరిగా మాట్లాడుతుంటే.

మే నెలాఖరు ఆదివారం బిళ్ళ పెట్టే కార్యక్రమం. పాతికమంది సభ్యులు చేరారు. వెర్న్ టై కట్టుకుని వచ్చాడు. రాయి మీద గోల్ఫ్ తువాలు కప్పారు. లుట్కీ రెండు ముక్కలు మాట్లాడి తువాలు లాగాడు.

'మార్లీన్. ఆమె వంటా ఆమె చిరునవ్వూ మరువలేం. ప్రేమతో, సభ్యులు.'

చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. వెర్న్‌ని రాయి పక్కన నిలబెట్టి, "కాస్త నవ్వు వెర్న్" అన్నారు. వెర్న్ డార్లా వంక చూశాడు. డార్లా గడ్డి వంక చూస్తోంది.

జనం పలచబడ్డాక దగ్గరికొచ్చింది. "నీ కాగితమే ఇచ్చాను, ఒట్టు. లుట్కీ గారు కొట్టేసి మార్చారు. సభ్యులకి తెలిసిన పేరు ఉండాలన్నారు. మెనూలోనూ అదే ఉందిగా అన్నారు."

"మెనూ అట్లకి" అన్నాడు వెర్న్. "ఇది మనిషికి."

ఆ మాట లుట్కీ చెవిన పడింది. వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు వెర్న్, నాకు తెలుసు అసలు పేరు వేరని. కానీ నువ్వే ఆలోచించు. ఆ పేరేస్తే ఇక్కడెవరికి తెలుస్తుంది? ఎవరో అనుకుంటారు. మాకు ఆవిడ మార్లీనే. మేం ప్రేమించింది ఆ పేరునే."

"అవునండి" అన్నాడు వెర్న్. "ఆ పేరునే."

లుట్కీ మెచ్చుకోలుగా భుజం తట్టి వెళ్ళిపోయాడు. కుర్చీలు మడుస్తున్న టేయో ఒక్క మాటే అన్నాడు: "చచ్చినా డ్యూటీ దిగనివ్వరు బాస్ వీళ్ళు."

సోమవారం క్లబ్బుకి సెలవు. వెర్న్ అయిదింటికే స్క్రూడ్రైవరు పట్టుకుని పన్నెండుకి వెళ్ళాడు. నాలుగు స్క్రూలు. బిళ్ళ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. రాయి పెకలించి బండిలో పడేశాడు. వెనక్కి వచ్చి చెట్టు ముందు కాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు దానికి బిళ్ళ లేదు. బిళ్ళలేని చెట్టుకి ఏం చెయ్యాలో కమిటీ రాసిచ్చిన కాగితంలో స్పష్టంగా ఉంది. నారింజ డబ్బా మూత తీసి, గుండె ఎత్తున చుక్క పెట్టాడు.

టేయో వచ్చేసరికి వెర్న్ మెషీను రంపంలో నూనె పోస్తున్నాడు.

"పిచ్చెక్కిందా? ఆ చెట్టు కోసం మూడు నెలలు చచ్చావు!"

"నా చెట్టు కోసం చచ్చాను. ఇప్పుడిది మార్లీన్‌ది."

"బిళ్ళ పారేస్తే నీదేగా మళ్ళీ?"

"పారేస్తే ఇంకోటి చేయిస్తారు. వాళ్ళకి ఇత్తడికి కరువా? ఈ చెట్టు ఉన్నన్నాళ్ళూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. నువ్వూ నేనూ పోయాక కూడా."

టేయో చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు, నేను కోస్తా. నువ్వెళ్ళి కాఫీ తాగు."

"నాకు కాఫీ పోసేవాళ్ళు లేరు" అని వెర్న్ రంపం తాడు లాగాడు.

అరగంట పట్టలేదు. కొమ్మలు మిషన్లో వేసి పొడి చేశారు. మొద్దు తొలిచి, గోయి పూడ్చి, షెడ్డు వెనక నర్సరీలోంచి గడ్డిచాపలు కోసుకొచ్చి పరిచారు. వెర్న్ బొటనవేళ్ళతో అంచులు ఒత్తి నీళ్ళు చిలకరించాడు. పొద్దు పడమటికి తిరిగేసరికి అక్కడ చెట్టుండేదని కనిపెట్టడం ఎవరి తరమూ కాకుండా పోయింది.

మిగిలింది బిళ్ళ. వంటింటి వెనక, చెత్తడబ్బాల పక్కన, ఓ స్ప్రూస్ ఉంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరికీ అడ్డం లేదు. వెర్న్ దాని మొదట్లో రాయి పాతి బిళ్ళ బిగించాడు. వేపుడు నూనె వాసన బాగా తగిలే చోటు.

"ఇక్కడా?" అన్నాడు టేయో.

"మార్లీన్ ఇక్కడే పనిచేసేది."

ఎవరైనా అడుగుతారని వారం రోజులు ఎదురుచూశాడు. అబద్ధం కూడా సిద్ధం చేసుకోలేదు. అడిగితే మొహం మీదే చెబుదామనుకున్నాడు. వారం, రెండు వారాలు, నెల. ఒక్కడూ అడగలేదు. ఆదివారం చప్పట్లు కొట్టిన పాతికమందీ మంగళవారం నుంచి పన్నెండో గుంట దాటుకుంటూనే వెళ్తున్నారు. చప్పట్లు కొట్టింది మేపుల్‌కో స్ప్రూస్‌కో కూడా చూడలేదన్నమాట.

ఆగస్టులో పన్నెండో గ్రీన్ ముప్ఫై ఏడేళ్ళలో ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. పొద్దున్న ఆరున్నరకే నిండా ఎండ. అరచెయ్యి పెడితే పరకకి పరక తగిలేంత ఒత్తు. ఓ శనివారం లుట్కీ బండి ఆపి, భార్యని దింపి, గడ్డి మీద నడిపించి చూపించాడు.

"చూశావా వెర్న్, నేను చెప్పలా? ఎండ! అంతా ఎండలోనే ఉంది."

"అవునండి."

"అన్నట్టు మా ఆవిడ మార్లీన్ చెట్టు చూడలేదు. ఎటువైపు?"

వెర్న్ అతని కళ్ళలోకి చూశాడు. మూడడుగుల దూరంలో నిలబడ్డాడు మనిషి, సరిగ్గా ఆ తువాలు లాగిన చోట. కావాలని అడుగుతున్నాడేమోనని చూశాడు. ఏమీ లేదు. శుభ్రమైన, మంచి మొహం.

"వంటింటి వెనకండి. స్ప్రూస్."

"ఆఁ, గుర్తొచ్చింది!" అన్నాడు లుట్కీ. భార్యని తీసుకుని అటే వెళ్ళాడు. బిళ్ళ ముందు నిలబడి టోపీ తీసిన సంగతి టేయో చూసొచ్చి చెప్పాడు. స్ప్రూస్‌ని తట్టి, "ఎంత ఎదిగిందో చూడు" అన్నాడట.

మర్నాడు ఆదివారం. వెర్న్ ఎప్పటిలాగే అయిదింటికి వచ్చి, గ్రీన్ల మీద మంచుబిందువులు దులిపి, గుంటలు కోసుకుంటూ పన్నెండుకి చేరాడు. తూర్పు అంచున కొత్తచోటు ఎంచి, గొట్టం దింపి తిప్పాడు. సగంలో ఏదో పట్టేసింది. బలంగా తిప్పి పైకి లాగితే మట్టిముద్దతో బాటు గుంట గోడలోంచి ఒక వేరు బయటికి పొడుచుకొచ్చింది. వేలంత లావు. చిగురాకు ఎరుపు రంగు. చెట్టు పోయి మూడు నెలలైనా లోపల తడిగానే ఉంది.

గుంటలో వేరు ఉంటే అందులో దించే గిన్నె సరిగ్గా కూర్చోదు, బంతి తగిలి ఎగురుతుంది, సభ్యులు గొణుగుతారు. వెర్న్ మోకాళ్ళ మీద కూర్చుని జేబులోంచి కత్తి తీసి, గోడకి సమంగా దాన్ని కోశాడు. రెండోసారి గీసి నున్నగా చేశాడు. గిన్నె దించి, జెండా గుచ్చి, పదమూడుకి నడిచాడు.